పాత పన్ను విధానమా, కొత్తదా? ముందు మీ మినహాయింపుల మొత్తం తేల్చుకోండి

ఏటా ఏప్రిల్ రాగానే ఉద్యోగులకు ఆఫీసు నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఈ ఏడాది మీ జీతంలో పన్ను ఏ విధానం ప్రకారం పట్టుకోవాలి, పాతదా కొత్తదా అని అడుగుతారు. చాలామంది పక్క సీటాయన ఏది పెడితే అదే పెట్టేస్తారు. కొందరు అసలు జవాబే ఇవ్వరు, అప్పుడు కంపెనీ కొత్త విధానం కిందే లెక్క వేస్తుంది. పక్క సీటాయనకు ఇంటి లోను ఉండొచ్చు, మీకు లేకపోవచ్చు. మీరు నెలకు 35 వేలు అద్దె కడుతుంటే ఆయన సొంతింట్లో ఉండొచ్చు. ఒకే జీతం తీసుకునే ఇద్దరికి సరైన జవాబు వేరువేరుగా ఉండటం ఇక్కడ మామూలే. తప్పు ఎంపికకు ఏడాదికి నలభై, యాభై వేల రూపాయలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. పాత విధానంలో మీరు నిజంగా చూపించగల మినహాయింపులన్నీ కూడండి. స్టాండర్డ్ డిడక్షన్‌ని (జీతం, పెన్షన్ వచ్చేవాళ్లకు ఖర్చు చూపకుండానే తీసేసే నిర్ణీత మొత్తం) మాత్రం ఇందులో కలపొద్దు. ఆ మొత్తం 5 లక్షలు దాటకపోతే ఇక ఆలోచించాల్సిన పని లేదు. ఇండియాలోనే ఉంటూ ప్రధానంగా జీతం మీద బతికే, అరవై ఏళ్లలోపు వాళ్లెవరైనా సరే, 50 లక్షల లోపు జీతం ఎంతైనా సరే, కొత్త విధానంలో నష్టపోరు. 5 లక్షలు దాటినవాళ్లే కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాలి. ఎందుకో కింద లెక్కలతో చూపిస్తాను. ఇవన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కలు.

పన్ను పడే తీరు

మీ మొత్తం ఆదాయంలోంచి చట్టం ఒప్పుకున్న మినహాయింపులు తీసేస్తే మిగిలేది పన్ను పడే ఆదాయం. దాని మీద శ్లాబుల ప్రకారం పన్ను కడతారు. అందులోంచి రిబేటు ఉంటే తీసేస్తారు. మిగిలిన పన్ను మీద 4 శాతం సెస్సు కలుపుతారు. రెండు విధానాల్లోనూ వరుస ఇదే. శ్లాబులు, మినహాయింపులు, రిబేటు మాత్రం వేరు.

కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. పాత విధానంలో 2.5 లక్షల వరకు లేదు. అక్కడి నుంచి 5 లక్షల దాకా 5 శాతం, 5 నుంచి 10 దాకా 20 శాతం, 10 దాటితే ఏకంగా 30 శాతం. ఉద్యోగులకు, పెన్షనర్లకు స్టాండర్డ్ డిడక్షన్ కొత్తదాంట్లో 75 వేలు, పాతదాంట్లో 50 వేలు.

ఇక్కడ చాలామంది ఒక దగ్గర తికమక పడతారు. ఆదాయం 16 లక్షలు దాటితే మొత్తం మీద 20 శాతం పడుతుందనుకుంటారు. అలా కాదు. 16 దాటిన భాగం మీదే 20 శాతం, కింది భాగాలకు వాటి వాటి రేట్లే. జీతం పెరిగితే పన్ను పోను చేతికొచ్చేది తగ్గిపోతుందన్న భయంతో ఇంక్రిమెంటు వద్దనుకునేవాళ్లు కూడా ఉంటారు. శ్లాబు మారినంత మాత్రాన ఆ భయం అక్కర్లేదు.

మరి 4 లక్షల నుంచే శ్లాబు మొదలవుతుంటే, '12 లక్షల వరకు పన్ను లేదు' అంటారేమిటి? అది రిబేటు వల్ల. సెక్షన్ 87ఏ కింద, కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే లెక్కకొచ్చిన పన్నును, గరిష్ఠంగా 60 వేల వరకు, పూర్తిగా వదిలేస్తారు. ఉద్యోగికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి 12 లక్షల 75 వేల జీతం దాకా పన్ను సున్నా. పాత విధానంలో ఈ రిబేటు 5 లక్షల దగ్గరే ఆగిపోతుంది. పన్ను సున్నా అయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను మాత్రం వేయాలి.

12 లక్షలు కాస్త దాటితే ఒక్కసారిగా 60 వేలు పడుతుందా? పడదు. పన్ను పడే ఆదాయం 12 లక్షల 10 వేలు అనుకుందాం. శ్లాబుల లెక్కన 61,500 రావాలి. కానీ 12 లక్షల మీద అదనంగా సంపాదించింది పది వేలే కదా, పన్ను అంతకంటే ఎక్కువ ఉండకూడదు. దీన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు. సెస్సుతో కలిపి 10,400 కడితే సరిపోతుంది. సుమారు 12 లక్షల 70 వేల దాకా ఈ ఊరట ఉంటుంది.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మి లాభం పొందినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం పడుతుంది. కొత్త విధానంలో 87ఏ రిబేటు ఈ పన్నును తగ్గించదు. జీతం మీద పన్ను సున్నా అయినా ఇది కట్టాల్సిందే.

పాత విధానం బలమంతా ఎక్కడుంది

పాత విధానం పేరెత్తగానే అందరికీ 80సీ గుర్తొస్తుంది. పీఎఫ్, పీపీఎఫ్, ఎల్‌ఐసీ ప్రీమియం, సుకన్య సమృద్ధి, ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి లోను అసలు, అన్నీ కలిపి 1.5 లక్షలే. 2014 నుంచి ఈ పరిమితి పెరగలేదు. దీని ఒక్కదాని కోసం పాత విధానం పట్టుకుని కూర్చోవడం ఇప్పుడు దండగ. అసలు బలం ఇంటి అద్దె, ఇంటి లోను వడ్డీ, చదువు లోను వడ్డీలలో ఉంది.

అద్దెతో మొదలుపెడదాం. జీతంలో ఇంటి అద్దె కోసం కంపెనీ ఇచ్చే భత్యమే హెచ్‌ఆర్‌ఏ. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అంటే కట్టిన అద్దె మొత్తం తీసేస్తారనుకుంటారు చాలామంది. నిజానికి మూడు అంకెలు చూస్తారు: కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ, కట్టిన అద్దెలోంచి బేసిక్ జీతంలో (డీఏ, అంటే కరువు భత్యం ఉంటే దాన్నీ కలిపి) 10 శాతం తీసేయగా మిగిలింది, బేసిక్‌లో 40 శాతం. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే మినహాయింపు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో ఉండేవాళ్లకు 40 బదులు 50 శాతం. హైదరాబాద్ ఎంత పెద్ద నగరమైనా 2025-26కి ఆ నాలుగింటిలో లేదు, కాబట్టి 40 శాతమే. బేసిక్ 9 లక్షలు ఉన్న మనిషి నెలకు 25 వేల అద్దె కడితే ఏడాదికి 3 లక్షలు. అందులోంచి 90 వేలు పోతే 2 లక్షల 10 వేలు. అంటే దాదాపు మూడో వంతు అద్దె లెక్కలోకే రాదు.

ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె కట్టడం తప్పు కాదు, కానీ డబ్బు నిజంగా వాళ్ల ఖాతాలోకి వెళ్లాలి, వాళ్ల ఆదాయంలో అది కనపడాలి. కట్టని అద్దెకు రసీదులు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు రిటర్నులో హెచ్‌ఆర్‌ఏ వివరాలు, పాలసీ నంబర్లు విడివిడిగా అడుగుతున్నారు. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ తప్పుడు మినహాయింపుల మీద దేశమంతటా తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా పడుతుంది, పన్ను, వడ్డీ వేరే. రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామని కమీషన్ అడిగే ఏజెంట్లు ఉన్నారు. వాళ్లు మీ పేరు మీద ఏం రాశారో మీరు చూడకపోయినా బాధ్యత మీదే.

ఇంటి లోను సంగతి చూద్దాం. మీరుండే ఇంటికి తీసుకున్న లోను మీద వడ్డీ ఏడాదికి 2 లక్షల వరకు పాత విధానంలో తీసేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అద్దె ఇంట్లో ఉండి, విజయవాడలోనో వరంగల్‌లోనో లోను మీద కట్టిన ఇంట్లో అమ్మానాన్నల్ని ఉంచినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు హెచ్‌ఆర్‌ఏ, వడ్డీ రెండూ చూపించుకోవచ్చు. పాత విధానం నేటికీ గెలిచేది ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే.

ఇక మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది చదువు లోను. అమెరికాలో ఎంఎస్ కోసం పిల్లల్ని పంపిన కుటుంబాలకు 80ఈ అనే సెక్షన్ సంగతి తరచుగా తెలియదు. చదువు లోను మీద కట్టిన వడ్డీకి పాత విధానంలో పరిమితే లేదు, ఎంత కడితే అంతా తీసేయొచ్చు. అసలుకు మాత్రం మినహాయింపు రాదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లు ఇది దొరుకుతుంది. లోను బ్యాంకు నుంచో గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచో తీసుకుని ఉండాలి, మీ పేరు లోనులో ఉండి వడ్డీ మీరు కడుతూ ఉండాలి. బంధువుల దగ్గర చేసిన అప్పుకు, బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బుకు ఇది రాదు.

మిగతావి త్వరగా చెబుతాను. 80డీ కింద మీ కుటుంబం హెల్త్ పాలసీకి 25 వేలు, అరవై దాటిన అమ్మానాన్నలకైతే ఇంకో 50 వేలు. అరవై దాటిన తల్లిదండ్రులకు పాలసీ లేకపోతే వాళ్ల వైద్యం ఖర్చునే 50 వేల దాకా చూపించుకోవచ్చు, అది నగదుగా కట్టి ఉండకూడదు. ఊళ్లో ఉండే పెద్దవాళ్ల ఆసుపత్రి బిల్లులు, మందుల బిల్లులు దాచిపెట్టడం ఇందుకే. ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకం) సొంతంగా పెట్టే మరో 50 వేలు ఉంది. మీ మీద ఆధారపడిన దివ్యాంగులు ఇంట్లో ఉంటే 80డీడీ కింద 75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా 25 వేలు, ఖర్చు ఎంతైందన్నదానితో సంబంధం లేకుండా. వృత్తి పన్ను నెలకు 200 పోతుంది కదా, ఆ 2,400 కూడా కలపండి.

కొత్త విధానంలో ఏమీ మిగలదా

మిగులుతాయి. కంపెనీ మీ తరఫున ఎన్‌పీఎస్‌లో వేసే సొమ్ముకు బేసిక్, డీఏల మీద 14 శాతం దాకా కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు పాత విధానంలో ఇది 10 శాతమే. జీతం 18 లక్షలు, బేసిక్ 9 లక్షలు ఉన్నవాళ్లు ఇందుకు ఒప్పుకుంటే, 1 లక్షా 26 వేలు ఎన్‌పీఎస్‌కు వెళ్లి పన్ను సుమారు 26 వేలు తగ్గుతుంది. చాలా కంపెనీల్లో ఈ వీలు ఉంటుంది, అడిగితేనే చెబుతారు. అయితే ఆ డబ్బు ఎక్కువ భాగం రిటైరయ్యేదాకా ఉండిపోతుంది, దాంట్లో కొంతతో పెన్షన్ కొనాలి. వచ్చే మూడు నాలుగేళ్లలో పెళ్లో ఇల్లో ఉంటే ఆలోచించుకుని పెట్టండి.

అద్దెకిచ్చిన ఇంటి మీద వచ్చే అద్దెలో 30 శాతం రెండు విధానాల్లోనూ తీసేస్తారు. ఆ ఇంటి లోను వడ్డీ కూడా ఆ అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు. కానీ వడ్డీ ఎక్కువై నష్టం తేలితే, ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు కొత్త విధానంలో లేదు.

కొత్త విధానంలోకి వెళితే పీపీఎఫ్ వడ్డీ మీద, సుకన్య సమృద్ధి డబ్బు మీద పన్ను పడుతుందేమోనని కొందరికి టెన్షన్. పడదు. డబ్బు వేసినప్పుడు వచ్చే 80సీ మినహాయింపు పోతుందే తప్ప, వాటి వడ్డీ, చివర్లో చేతికొచ్చే సొమ్ము రెండు విధానాల్లోనూ పన్ను లేనివే. ఉన్న ఖాతాల్ని మూసేయాల్సిన పని లేదు.

పొలం ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు. వ్యవసాయ ఆదాయానికి, కౌలుకిచ్చిన పొలం మీద వచ్చే డబ్బుకు రెండు విధానాల్లోనూ పన్ను లేదు. కాకపోతే ఆ ఆదాయం 5 వేలు దాటి, మిగతా ఆదాయం కనీస పరిమితి కంటే ఎక్కువ ఉంటే, రేటు తేల్చడానికి రెంటినీ కలిపి చూస్తారు. దానివల్ల మీ జీతం పై శ్లాబులోకి జరగొచ్చు. రిటర్నులో చూపించకుండా వదిలేయడం సరికాదు.

ఎంత జీతానికి ఎంత మినహాయింపు ఉండాలి

పాత విధానంలో కట్టే పన్ను కొత్తదాంతో సమానం కావాలంటే, స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఎంత మినహాయింపు ఉండాలో లెక్క వేస్తే ఇలా వస్తుంది:

జీతం 13.5 లక్షలు: సుమారు 5.06 లక్షలు
15 లక్షలు: సుమారు 5.44 లక్షలు
16 లక్షలు: సుమారు 5.69 లక్షలు
18 లక్షలు: సుమారు 6.42 లక్షలు
20 లక్షలు: సుమారు 7.08 లక్షలు
22 లక్షలు: సుమారు 7.54 లక్షలు
24.75 లక్షలు, ఆపైన: 8 లక్షలు

మీ మొత్తం దీనికంటే ఎక్కువైతే పాతది, తక్కువైతే కొత్తది. 24.75 లక్షలు దాటాక రెండు విధానాల్లోనూ పై రేటు 30 శాతమే కాబట్టి అంకె 8 లక్షల దగ్గర ఆగిపోతుంది. 50 లక్షలు దాటి, పన్ను మీద అదనంగా సర్‌చార్జి పడేవాళ్లు విడిగా లెక్క వేయించుకోవాలి. 12.75 లక్షల లోపు జీతానికి కొత్తదాంట్లో పన్నే లేదు కాబట్టి పాతది దానికంటే మెరుగ్గా ఉండే అవకాశమే లేదు. ఆ గీత దాటాక పాతది గెలవడానికి కావాల్సిన కనీస మొత్తం 5 లక్షల పైమాటే. ముందు చెప్పిన 5 లక్షల మాట ఇక్కడి నుంచే వచ్చింది.

మూడు కుటుంబాల లెక్క చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, కానీ పరిస్థితులు మన చుట్టూ ఉన్నవే.

మొదటి మనిషి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం 18 లక్షలు, బేసిక్ 9 లక్షలు, అద్దె నెలకు 25 వేలు. హెచ్‌ఆర్‌ఏ 2.10 లక్షలు, 80సీ 1.50 లక్షలు, తనకు, అమ్మానాన్నలకు కలిపి 80డీ 75 వేలు, వృత్తి పన్ను 2,400. మొత్తం 4,37,400. ఇన్ని చూపించినా పాత విధానంలో పన్ను 2,14,531. కొత్తదాంట్లో ఏ కాగితమూ చూపకుండానే 1,50,800. తేడా దాదాపు 64 వేలు. ఇంత తేడా ఉండగా ఫిబ్రవరిలో మరో పాలసీ కొంటే ఏమీ మారదు.

రెండో మనిషి జీతం 20 లక్షలు, బేసిక్ 10 లక్షలు. హైదరాబాద్‌లో నెలకు 40 వేలు అద్దె, విజయవాడ ఇంటికి లోను. హెచ్‌ఆర్‌ఏ 3.80 లక్షలు, లోను వడ్డీ 2 లక్షలు, 80సీ 1.50 లక్షలు, ఎన్‌పీఎస్ 50 వేలు, 80డీ 75 వేలు, వృత్తి పన్ను 2,400. మొత్తం 8,57,400. పాత విధానంలో పన్ను 1,45,891, కొత్తదాంట్లో 1,92,400. ఇక్కడ పాతది 46 వేలకు పైగా మిగులుస్తుంది. అందరూ కొత్తదే అంటున్నారని ఈయన కూడా మారిపోతే నష్టమే.

మూడో ఆయన వయసు 55. జీతం 16 లక్షలు, సొంతిల్లు, లోను లేదు. కూతురి ఎంఎస్ లోనుకు ఈ ఏడాది 3.80 లక్షల వడ్డీ కట్టారు. 80సీ 1.50 లక్షలు, తల్లికి కూడా పాలసీ ఉంది కాబట్టి 80డీ 75 వేలు, వృత్తి పన్ను 2,400. మొత్తం 6,07,400. పాతదాంట్లో పన్ను 1,05,061, కొత్తదాంట్లో 1,13,100. తేడా 8 వేలే. లోను అసలు తగ్గుతున్నకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది, కాబట్టి రెండేళ్లు పోయాక ఈయనకే కొత్తది మేలవుతుంది. ఉద్యోగులు ఏటా మార్చుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

ఈ లెక్కల్లో ఒక షరతు పెట్టుకోండి. పన్ను ఉన్నా లేకపోయినా మీరు ఎలాగూ పెట్టే ఖర్చును, పొదుపును మాత్రమే కూడండి. అద్దె, లోను వడ్డీ, పీఎఫ్, పిల్లల ఫీజు ఎలాగూ పోయేవే. పన్ను తగ్గుతుందని మార్చి నెలాఖరున కొనే ఇరవై ఏళ్ల పాలసీ అలాంటిది కాదు. మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లలు 8 లక్షల జీతానికి ఏటా 60 వేల ప్రీమియం కట్టే పాలసీలు తీసుకోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. వాళ్లకు కొత్త విధానంలో పన్నే లేదు. ఆదా చేయడానికి పన్నే లేనప్పుడు ఆ పాలసీ పన్ను కోసం అనే మాట నిలబడదు. కొన్న తర్వాత మధ్యలో ఆపేస్తే కట్టిన డబ్బులోనూ కొంత పోతుంది.

పాత విధానం వల్ల మధ్యతరగతికి పొదుపు అలవాటైందని, కొత్తది దాన్ని చెడగొడుతుందని అనేవాళ్లున్నారు. ఆ దిగులులో నిజం ఉంది. అయితే అందుకు మందు, మిగిలిన పన్ను సొమ్మును నెల మొదట్లోనే పీపీఎఫ్‌కో సిప్‌కో ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా పెట్టుకోవడం. హెల్త్ పాలసీ మాత్రం ఏ విధానంలో ఉన్నా ఆపొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు.

టీచర్లు, పెన్షనర్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు

రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు ఫిబ్రవరి జీతం బిల్లుకు ముందు ఐటీ స్టేట్‌మెంట్లు ఇస్తారు. జీపీఎఫ్, జీఎల్‌ఐ, జీఐఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల పీఎఫ్, బీమా) కోతలతోనే చాలామందికి 80సీ నిండిపోతుంది, అందుకే ఏళ్ల తరబడి పాత పద్ధతికే అలవాటుపడ్డారు. ఇప్పుడు ఏడాది గ్రాస్ 12.75 లక్షల లోపు ఉంటే ఆ కోతలేవీ చూపకుండానే పన్ను సున్నా. సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా వేసే పెన్షన్ పథకం) ఉన్నవాళ్లకు ప్రభుత్వం వేసే వాటా కొత్త విధానంలోనూ మినహాయింపే. స్టేట్‌మెంటు తయారుచేసేవాళ్లు దాన్ని మర్చిపోలేదు కదా అని ఒకసారి చూసుకోండి. డీఏ బకాయిలు ఒకేసారి వచ్చి గీత దాటించిన ఏడాది 10-ఈ ఫారం వేసి, ఆ బకాయిలను అవి చెందిన సంవత్సరాలకు పంచి లెక్కేసే ఊరట అడగొచ్చు. అది రెండు విధానాల్లోనూ ఉంది.

పెన్షనర్ల విషయం తేలిక. అరవై దాటినవాళ్లకు పాత విధానంలో పన్ను లేని పరిమితి 3 లక్షలు, ఎనభై దాటితే 5 లక్షలు. డిపాజిట్ల వడ్డీ మీద 50 వేల మినహాయింపు కూడా ఉంది. ఇవన్నీ చూసి పాతదే మనకు అనుకూలం అనుకుంటారు. కానీ పెన్షన్ 8.40 లక్షలు, బ్యాంకు వడ్డీ 3 లక్షలు వచ్చే పెద్దాయన లెక్క చూడండి. పాతదాంట్లో 80సీ 1.50 లక్షలు, 80డీ 50 వేలు, వడ్డీ మినహాయింపు 50 వేలు అన్నీ వాడుకున్నా పన్ను 81,120. కొత్తదాంట్లో సున్నా. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అమ్మలకు కూడా కొత్తదాంట్లో మినహాయింపు 25 వేలు, పాతదాంట్లో 15 వేలే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ అద్దెలొచ్చే ఎన్‌ఆర్‌ఐలు '12 లక్షల దాకా పన్ను లేదు' అన్న మాట నమ్మి లెక్క తప్పుతుంటారు. 87ఏ రిబేటు రెసిడెంట్లకు (పన్ను చట్టం లెక్కలో ఇండియా నివాసులకు) మాత్రమే. ఎన్‌ఆర్‌ఐకి పన్ను పడే ఆదాయం 10 లక్షలుంటే కొత్త విధానంలోనూ 40 వేలు, దాని మీద సెస్సు కట్టాలి. వాళ్లకు 5 లక్షల మాట వర్తించదు. ఈ 10 లక్షల ఆదాయానికి మినహాయింపులు 3.62 లక్షలు దాటితేనే పాతది గెలవడం మొదలవుతుంది. అరవై దాటినా వాళ్లకు పాత విధానం పరిమితి 2.5 లక్షలే.

ఎంచుకోవడం ఎలా, ఎప్పటిలోగా

ఏప్రిల్‌లో ఆఫీసుకు చెప్పింది జీతంలో పన్ను పట్టుకోవడానికి మాత్రమే. చివరి మాట రిటర్నులో మీరు పెట్టేదే. కంపెనీ కొత్త విధానం కింద పన్ను పట్టుకున్నా, ఆధారాలుంటే రిటర్నులో పాతది ఎంచుకుని తేడా రీఫండ్ తీసుకోవచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే రెండు విధానాల పన్నునూ పక్కపక్కన చూపించే కాలిక్యులేటర్ ఉంది. ఫారం-16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల సర్టిఫికెట్టు) చేతికి రాగానే అంకెలు అందులో వేసి చూడండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి 80సీ లాంటి పాత పేర్లు 2025-26 రిటర్ను వరకే పక్కాగా సరిపోతాయి.

షాపు, క్లినిక్, కన్సల్టెన్సీ లాంటి వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు ఏటా మార్చుకునే వీలు లేదు. వాళ్లు పాత విధానంలోకి వెళ్లాలంటే రిటర్ను గడువులోగా 10-ఐఈఏ ఫారం వేయాలి. తర్వాత కొత్తదానికి ఒక్కసారే తిరిగి రాగలరు, ఆ తర్వాత వ్యాపార ఆదాయం ఉన్నన్నాళ్లూ మళ్లీ పాతదానికి పోలేరు. ఈ ఒక్క ఏడాది నాలుగు వేలు మిగులుతాయని ఆ ఫారం వేయొద్దు. వచ్చే అయిదారేళ్లకు అద్దె, లోను ఎలా ఉంటాయో చూసుకుని, ఆడిటర్‌తో మాట్లాడాకే వేయండి. ఉద్యోగం చేస్తూ పక్కన ఫ్రీలాన్సింగ్ ఆదాయం చూపించేవాళ్లకూ ఇదే నిబంధన వర్తిస్తుంది.

గడువు విషయంలో అశ్రద్ధ వద్దు. ఉద్యోగులకు మామూలుగా జులై 31. ఆ తేదీ దాటాక వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకోవడానికి లేదు. పైన రెండో ఉదాహరణలోని మనిషి ఆగస్టులో రిటర్ను వేశారనుకోండి. అద్దె రసీదులు, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్టు అన్నీ సక్రమంగా ఉన్నా కొత్త విధానం ప్రకారం 46 వేలకు పైగా అదనంగా పడుతుంది, దానితోపాటు 5 వేల లేటు ఫీజు కూడా కట్టాలి.